వెలుతురుకి పాడైన చేప కన్ను నెల తిరిగేసరికి బాగవుతుందట, మరి మన కంటికి ఎందుకు కాదు?

నాగావళి పిల్ల
మా తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే జన్యు లోపం వల్ల కంట్లో వెలుతురు పట్టే కణాలు మెల్లగా పోయే జబ్బు. చిన్నప్పుడు పొద్దుగుంకితే గోడలు తడుముకుంటూ నడిచేవాడు. రేచీకటి అన్నారు ఊళ్ళో. మునగాకు, బొప్పాయి, ఎవరేం చెబితే అది పెట్టింది అమ్మ. ఇప్పుడు పగలు కూడా పక్కల చూపు బాగా తగ్గిపోయింది. ఈ మధ్య ఒక క్లినిక్ వాళ్ళు ఫోన్ చేశారు. జీబ్రాఫిష్ అనే చేపకి వెలుతురు దెబ్బకి కంట్లో నరాల కణాలు చచ్చిపోయినా మళ్ళీ పుడతాయట, అదే పద్ధతిలో మూలకణాల ఇంజెక్షన్ ఇస్తామని, రెండు కళ్ళకీ కలిపి లక్షల్లో చెప్పారు. వీడియో కూడా పంపారు. నాన్న పొలం బేరం పెడదామంటున్నారు. చేప సంగతి నిజమేనా? నిజమైతే మనిషికి ఎందుకు రావట్లేదు? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

మినపట్టు
ఈ ముక్క మా బామ్మ చెవిన పడితే రేపట్నుంచి మూడు పూటలా చేపల పులుసే. జోక్ పక్కన పెడితే, పొలం జోలికి మాత్రం పోకండి. ఇక్కడ ఈ పని మీద ఉన్నవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు, వాళ్ళు రానివ్వండి.

గప్పీ గోపాలం
నా దగ్గర జీబ్రాలు చాలా ఏళ్ళుగా ఉన్నాయి. తోక కొరుక్కుంటే మళ్ళీ వస్తుంది, అది కళ్ళారా చూశాను. కన్ను సంగతి వినలేదు. ఇంకో మాట, ఇది విదేశీ చేప కాదు. గంగ, బ్రహ్మపుత్ర వైపు వాగుల్లో, వరి మళ్ళలో తిరిగే మన దేశపు చేపే. అక్వేరియం షాపుల్లో అన్నిటికన్నా చవగ్గా దొరికేది ఇదే.

సూక్ష్మదర్శిని
చేప సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. నా పీహెచ్‌డీ ఈ పని మీదే, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

రెటీనా అంటే కంటి వెనక గోడని అంటిపెట్టుకుని ఉండే పల్చటి పొర. వెలుతురుని పట్టుకునేవి అందులోని రాడ్, కోన్ కణాలు. అవి పట్టుకున్నది మధ్య వరసలో ఉన్న బైపోలార్ కణాలకి, అక్కణ్ణుంచి గాంగ్లియాన్ కణాలకి, వాటి తోకలన్నీ కలిసిన ఆప్టిక్ నరం గుండా మెదడుకి చేరుతుంది. ఈ వరసలన్నిటినీ ఈ చివర నుంచి ఆ చివరదాకా పట్టి ఉంచే పొడవాటి కణాలు ఇంకో రకం ఉన్నాయి. 1851లో హైన్రిష్ ముల్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వాటిని వర్ణించాడు, అందుకే ముల్లర్ కణాలంటారు. అవి నరాల కణాలు కావు. పక్క కణాలకి తిండి అందించడం, చెత్త ఎత్తడం, లవణాలు సమంగా ఉంచడం, మామూలు రోజుల్లో వాటి పని ఇంతే.

ల్యాబులో అల్బినో, అంటే నల్ల రంగు లేని, జీబ్రాఫిష్‌ని కొన్నాళ్ళు చీకట్లో ఉంచి, ఆ తర్వాత మూడు నాలుగు రోజులు ఆపకుండా గట్టి లైట్ల మధ్య పెడతాం. అమెరికాలో నోటర్‌డామ్ యూనివర్సిటీకి చెందిన విహ్‌టెలిక్, హైడ్ 2000లో ప్రచురించిన పద్ధతి ఇది. రాడ్, కోన్ కణాలు పెద్ద ఎత్తున చచ్చిపోతాయి. పోతూ పోతూ టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే ప్రోటీన్‌ని తయారుచేస్తాయి, అది అందితేనే ముల్లర్ కణాలు కదుల్తాయి. ఇది హైడ్ ల్యాబే 2013లో చూపించింది. కదిలిన ముల్లర్ కణం పాత పని పక్కన పెట్టి, పిండంలో ఉన్నప్పటి స్థితికి దగ్గరగా వెళ్తుంది. దాని న్యూక్లియస్ మధ్య వరస నుంచి బయటి వరస వైపు పాకి, కణం రెండుగా చీలుతుంది. ఒకటి మళ్ళీ ముల్లర్ కణంగానే మిగులుతుంది. రెండోది మళ్ళీ మళ్ళీ చీలి గుంపవుతుంది. ఆ గుంపు ముల్లర్ కణం ఒంటినే పట్టుకుని ఎగబాకి, ఖాళీ అయిన చోట కొత్త రాడ్, కోన్ కణాలుగా స్థిరపడుతుంది. సుమారు 28 రోజులకి రెటీనా నిండుగా కనిపిస్తుంది.

లైటు పెట్టిన మూడో రోజు కన్ను కోసి స్లైడు చేసి చూస్తే తెలుస్తుంది ఆ సంగతి. మామూలుగా నీలం చుక్కలు కిక్కిరిసి ఉండే బయటి వరసలో చిరుగులు, నలిగిపోయిన చుక్కలు. దాని పక్కనే, చీలే కణాలకి మాత్రమే పట్టే ఆకుపచ్చ రంగు నిలువు గుంపులుగా వెలుగుతూ ఉంటుంది. ఒక్కో గుంపు ఒక్కో ముల్లర్ కణం చుట్టూ. ఎన్ని స్లైడ్లు చూసినా నాకు మొహం మొత్తలేదు.

పాలమూరోడు
అంటే ఇల్లు కట్టిన మేస్త్రీనే ఆ ఇంటికి వాచ్‌మన్‌గా ఉండి, గోడ కూలితే మళ్ళీ తాపీ పట్టుకున్నట్టు. అంతే కదా అక్కా?

సూక్ష్మదర్శిని
@పాలమూరోడు అంతే తమ్ముడూ, బాగా చెప్పావు. పిండంలో రాడ్, కోన్ కణాలు ఏ తల్లి కణాల నుంచి పుడతాయో ముల్లర్ కణాలూ వాటి నుంచే పుడతాయి, చివరి విడతలో. పాత పని పూర్తిగా మర్చిపోయినవి కావవి.

గప్పీ గోపాలం
ఒక్క నిమిషం. మూడు నాలుగు రోజుల లైటుకే కళ్ళు పోతాయా? మా ట్యాంకులో పండక్కి ఊరెళ్ళినప్పుడు లైటు వేసే ఉంటుంది. నా చేపలు గుడ్డివైపోయి మళ్ళీ చూపు తెచ్చుకుంటున్నాయా ఏంటి?

సూక్ష్మదర్శిని
@గప్పీ గోపాలం కంగారుపడకండి. మీ చారల చేపలకి కంట్లో నల్ల రంగు ఉంటుంది. వెలుతురు ఎక్కువైనప్పుడు ఆ రంగు రేణువులు పైకి జరిగి రాడ్ కణాల్ని కప్పేస్తాయి, రాడ్ కణాలు కూడా పొడుగ్గా సాగి ఆ రంగు లోపలికి దూరతాయి. అల్బినోకి ఆ రక్షణ లేదు, అందుకే ల్యాబుల్లో దాన్ని ఎంచుకుంటారు. పైగా మేం వాడే వెలుతురు మీ ట్యాంకు లైటుకి ఎన్నో రెట్లు. అయినా రాత్రి పూట లైటు తీసేయండి. మేం 14 గంటలు వెలుతురు, 10 గంటలు చీకటి పాటిస్తాం. చీకటి లేకపోతే గుడ్లు కూడా సరిగ్గా పెట్టవు, తెల్లారి లైటు వెలగ్గానే పెట్టే అలవాటు వాటిది.

ఆటోనగర్
వెలుతురు దెబ్బ అంటే మాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. అద్దం లేకుండా వెల్డింగ్ ఆర్క్ చూస్తే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది, నీళ్ళు కారతాయి. రెండో రోజుకి తగ్గిపోతుంది. అంటే మనకీ కణాలు మళ్ళీ పుడుతున్నట్టే కదా?

కంటిరెప్ప
@ఆటోనగర్ మీకు దెబ్బ తగిలేది కంటి ముందుండే కార్నియా పైపొరకి. ఆర్క్ నుంచి వచ్చే అల్ట్రావయొలెట్‌ని ఎక్కువగా అదే ఆపుతుంది. ఆ పొర మనిషిలో కూడా జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటుంది, అందుకే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. నల్లగుడ్డు అంచున ఉండే లింబల్ మూలకణాలు చేసే పని అది. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్‌లో ఆ మూలకణాలనే ఒక కంటి నుంచి తీసి రెండో కంటికి వేసి ఎంతోమందికి చూపు తెప్పించారు. రెటీనా సంగతి వేరు. అక్కడ పోయిన కణం పోయినట్టే. దయచేసి అద్దం లేకుండా చూడకండి, దెబ్బ వెనక్కి చేరే సందర్భాలూ ఉన్నాయి.

పాలమూరోడు
మా నాయన ఒక సంగతి చెప్తుంటాడు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. రంగాపూర్ అబ్జర్వేటరీ కాడికి శాస్త్రవేత్తలు వచ్చిన్రు, ఊళ్ళో జనం మాత్రం తలుపులు మూసుకుని కూర్చున్నరు. మా ఊరాయన ఒకడు ఉత్త కళ్ళతో చూసి, చూపు నడిమధ్యల మచ్చ పడితే కొన్ని నెలలకు చాలావరకు తగ్గిందట. అది రెటీనా దెబ్బే కదా, మరి అది ఎట్ల తగ్గింది?

కంటిరెప్ప
@పాలమూరోడు అది రెటీనా దెబ్బే, సూర్యుడి బొమ్మ పడే నడిమధ్య చోట. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో కొంత తేరుకుంటుంది. కానీ కొత్త కణాలు పుట్టి కాదు. చావకుండా మిగిలిన కోన్ కణాలు తమ పాడైన కొసల్ని మళ్ళీ పెంచుకుంటాయి. కణమే చచ్చిన చోట మచ్చ అలాగే ఉండిపోతుంది. చేపకి, మనకి తేడా సరిగ్గా అక్కడే.

నాగావళి పిల్ల
@సూక్ష్మదర్శిని అక్కా, చాలా చాలా థాంక్స్. మనకీ ఆ ముల్లర్ కణాలు ఉన్నాయా? ఉంటే ఎందుకు ఊరుకుంటున్నాయి?

సూక్ష్మదర్శిని
ఉన్నాయి, కావలసినన్ని ఉన్నాయి. దెబ్బ తగిలాక మన కంట్లో అవి ఉబ్బి, గ్లియోసిస్ అనే స్థితికి పోయి, చివరికి మచ్చ కడతాయి. విచిత్రమేమిటంటే చేపలోనూ మొదట్లో అచ్చం అలాగే మొదలవుతుంది, ఆ తర్వాతే దారి మారుతుంది.

ఆ మలుపు దగ్గర ఏముందో చాలామంది తవ్వారు. మిచిగన్ యూనివర్సిటీలో గోల్డ్‌మన్ ల్యాబు ఏఎస్‌సీఎల్1ఏ అనే జన్యువు లేస్తే తప్ప చేప కన్ను బాగవదని తేల్చింది. అది లిన్28 అనే ఇంకో జన్యువుని లేపుతుంది, లిన్28 వెళ్ళి లెట్-7 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏని అణుస్తుంది. లెట్-7 పని కణాన్ని ఎదిగిన స్థితిలోనే ఉంచడం, కాబట్టి దాన్ని అణిస్తేనే కణం వెనక్కి వెళ్ళగలుగుతుంది. 2010లో వచ్చిన ఆ పేపర్లో మొదటి పేరు రాజేష్ రామచంద్రన్‌ది, ఆయన తర్వాత మొహాలీ ఐసర్‌లో ఇదే పని మీద ల్యాబు పెట్టారు.

2020లో బ్లాక్‌షా, హైడ్ వగైరా కలిసి చేప, కోడిపిల్ల, ఎలుక, మూడింటి ముల్లర్ కణాల్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఎలుక కణాలు కూడా ఒక దశలో కదిలి, మళ్ళీ వెనక్కి పోతున్నాయి. వెనక్కి లాగుతున్నవి ఎన్‌ఎఫ్‌ఐ అనే జన్యువుల గుంపు. వాటిని తీసేసి చూస్తే, దెబ్బ తిన్న ఎలుక కంట్లో కొన్ని ముల్లర్ కణాలు చీలాయి, కొన్ని నరాల కణాలయ్యాయి. మనకి ఆ విద్య అసలు లేకపోవడం కాదు, ఉన్నదాన్ని అణిచిపెట్టి ఉంచారు. నేను ఈ పనిలో ఉండటానికి కారణం కూడా ఆ ఒక్క మాటే.

కోనసీమ కుర్రోడు
ప్రకృతి ఎందుకు అణిచిపెడుతుంది? ఉపయోగపడేదాన్ని తీసేయడంలో అర్థం ఏముంది?

డెట్రాయిట్ బాబాయ్
@కోనసీమ కుర్రోడు చేప జీవితాంతం పెరుగుతుంది, దానితోపాటు కన్నూ పెరుగుతుంది. రెటీనా అంచున కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి, మధ్యలో కొత్త రాడ్ కణాలు చేరుతూనే ఉంటాయి. అంటే పుట్టించే యంత్రాంగం ఎప్పుడూ వాడకంలోనే ఉంటుంది. మన కన్ను చిన్నతనంలోనే పూర్తవుతుంది. వాడకం లేనిదాన్ని మూసిపెట్టడమే క్షేమం, లేకపోతే చీలకూడని కణం చీలి గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది.

ఎండమావి
గడ్డల భయం వల్లే మూసేశారనడానికి రుజువు లేదు బాబాయ్. చేప ముల్లర్ కణాలు అంతలా చీలినా వాటికి కళ్ళనిండా గడ్డలేం రావట్లేదుగా. వినడానికి బావుందని నమ్మేయకూడదు.

డెట్రాయిట్ బాబాయ్
@ఎండమావి నిజమే, అది ఊహే. కన్ను పెరుగుతూ ఉంటుందన్నది మాత్రం ఊహ కాదు. నీటి బల్లి సంగతి చూడు. దాని రెటీనా మొత్తం తీసేసినా వెనకున్న నల్ల పొర కణాలే రూపం మార్చుకుని కొత్త రెటీనా కడతాయి, చేప దారి కానే కాదు అది. కోడిపిల్లకి పుట్టిన కొత్తలో కాస్త ఉంటుంది, తర్వాత పోతుంది. ఒక్కో జీవి ఒక్కో చోట ఆగింది.

ఎండమావి
సరే, నేను అసలు చెప్పదలచుకున్నది ఇది. నాగావళి గారూ, ‘త్వరలో మనిషికి’ అనే వార్త నేను కాలేజీ రోజుల నుంచీ చదువుతున్నాను. 2020లోనే చైనా నుంచి ఇంకో పెద్ద వార్త వచ్చింది. పీటీబీపీ1 అనే ఒక్క జన్యువుని తగ్గిస్తే ఎలుక ముల్లర్ కణాలు నేరుగా గాంగ్లియాన్ కణాలైపోయాయని. పేపర్లన్నీ ఊదరగొట్టాయి. తర్వాత వేరే ల్యాబులు ముల్లర్ కణాలకి ముందే చెరగని గుర్తు పెట్టి చూస్తే, అవి మారనేలేదు. వైరస్‌తో పంపిన రంగు, ముందునుంచీ ఉన్న నరాల కణాల్లోకి కారి, కొత్తవి పుట్టినట్టు కనిపించింది. అంత పేరున్న పత్రికలో వచ్చినదే అలా తేలితే, ఫోన్ చేసి డబ్బు అడిగేవాళ్ళని ఎలా నమ్ముతాం?

సూక్ష్మదర్శిని
@ఎండమావి పీటీబీపీ1 గురించి మీరు చెప్పింది ముమ్మాటికీ సరే. మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకి ముందు చదివించేది ఆ కథే. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. సియాటిల్‌లో రే ల్యాబు 2017లో పెద్ద ఎలుకల ముల్లర్ కణాల్లో ఏఎస్‌సీఎల్1ని (పైన చెప్పిన చేప జన్యువుకి జోడు) నడిపించి, టీఎస్‌ఏ అనే మందు తోడు ఇచ్చి, కొత్త నరాల కణాల్ని పుట్టించింది. అక్కడ గుర్తు పక్కాగా పెట్టే చూశారు. ఆ కణాలు పాత కణాలతో కలిశాయి, వెలుతురుకి స్పందించాయి కూడా. అవి ఎక్కువగా బైపోలార్ తరహావి, రాడ్, కోన్ కణాలు కావు. నాగావళి వాళ్ళ తమ్ముడికి కావలసినవి రాడ్, కోన్ కణాలు. ఆ దూరం ఇంకా మిగిలే ఉంది.

డెట్రాయిట్ బాబాయ్
2025లో కొరియా కైస్ట్ నుంచి కూడా ఒకటి వచ్చింది. ఎలుక రెటీనాలో పక్క నరాల కణాల నుంచి ప్రాక్స్1 అనే ప్రోటీన్ ముల్లర్ కణాల్లోకి చేరి వాటిని కదలనివ్వట్లేదు. చేప ముల్లర్ కణాల్లో అలా పేరుకోదు. వైరస్ ద్వారా అందించిన యాంటీబాడీతో దాన్ని దారిలోనే పట్టేస్తే, రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి జబ్బున్న ఎలుకల్లో కొత్త కణాలు పుట్టి చూపు కొంత నిలిచింది. ఇది కూడా ఎలుకే, గుర్తుంచుకోండి. కానీ అడ్డుపడే ప్రోటీన్‌ని కణం బయటే పట్టేసి ముల్లర్ కణాల్ని కదిలించగలగడం చిన్న విషయం కాదు.

కంటిరెప్ప
పరిశోధన ముచ్చట బావుంది. నాగావళి గారి ఇంట్లో ఇప్పుడు తేలాల్సింది మాత్రం ఆ ఇంజెక్షన్ సంగతి. నేను కంటి ఆసుపత్రిలోనే పనిచేస్తాను, ఇలాంటి ఫోన్లు వచ్చిన కుటుంబాల్ని చూస్తూనే ఉంటాను.

ముందు ఒక మాట. పైన సూక్ష్మదర్శిని గారు రాసింది మళ్ళీ చదవండి. చేపకి ఎవరూ బయటనుంచి మూలకణాలు ఎక్కించలేదు. దాని కంట్లో ఉన్న కణాలే ఆ పని చేశాయి. క్లినిక్ వాళ్ళు పొట్ట కొవ్వులోంచో, ఎముక మజ్జలోంచో తీసిన కణాల్ని కంట్లోకి ఎక్కిస్తారు. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. చేప వీడియో చూపించి వేరే సరుకు అమ్ముతున్నారు.

రెండోది. అమెరికాలో ఫ్లోరిడాలో ముగ్గురు ఆడవాళ్ళు, వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమధ్య భాగం) జబ్బున్నవాళ్ళు, ఒక క్లినిక్‌లో డబ్బు కట్టి ఇలాగే కొవ్వు కణాలు రెండు కళ్ళలోనూ ఒకేరోజు వేయించుకున్నారు. ముగ్గురికీ ఉన్న చూపు కూడా దాదాపు పోయింది. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన కేసులు ఇవి. మీకు కూడా ‘రెండు కళ్ళకీ కలిపి’ అన్నారు చూడండి, ఆ మాట చదవగానే నా గుండె జారింది. నిజమైన పరీక్షల్లో ముందు ఒక కన్నే, అదీ చూపు తక్కువగా ఉన్న కన్నే ఎంచుకుంటారు.

మూడోది. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రెటీనా జబ్బులకి మూలకణాల వైద్యం ఇంకా ఆమోదం పొందినది కాదు. ఇవ్వాలంటే అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లో మాత్రమే. ట్రయల్‌లో చేరినవాళ్ళ దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ, నంబరు ఉంటుంది, ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఫోన్ చేసినవాళ్ళని ఆ నంబరు అడగండి. ఏమంటారో మీకే అర్థమవుతుంది.

రేచుక్క
నాకు అదే జబ్బు. మీ తమ్ముడి వయసులో నన్నూ ఊళ్ళు తిప్పారు. నేను అడగదలచుకున్నది వేరే. చేపకి లైటు పెట్టి ఒక్కసారిగా కణాల్ని చంపారు. మాకు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పోతాయి. ఆ రెండూ ఒకటేనా? ఇంకోటి, జన్యువులోనే లోపం ఉన్నప్పుడు కొత్తగా పుట్టిన కణం మాత్రం ఎన్నాళ్ళు బతుకుతుంది?

సూక్ష్మదర్శిని
@రేచుక్క అన్నా, ఈ చర్చలో అన్నిటికన్నా పదునైన ప్రశ్నలు మీవే.

మొదటిదానికి, ఒకటి కావు. చేపలోనే తేడా కనిపిస్తుంది. రాడ్ కణాలు కొద్దికొద్దిగా చస్తూ ఉంటే ముల్లర్ కణాలు పెద్దగా పట్టించుకోవు. రాడ్ కణాల్ని మాత్రమే పుట్టించే చిన్న కణాలు బయటి వరసలో ముందే ఉంటాయి, అవే చీలి లోటు పూడుస్తాయి. ఒక్కసారిగా పెద్ద ఎత్తున చచ్చినప్పుడే ముల్లర్ కణాలు రంగంలోకి దిగుతాయి. హైడ్ ల్యాబే 2010లో రాడ్ కణాల చావు ఎక్కువ తక్కువలు మార్చి ఇది చూపించింది. మనకి ఆ రాడ్ చిన్న కణాలు లేవు. నెమ్మదిగా పోయే జబ్బుల్లో ముల్లర్ కణాల్ని కదిలించడానికి ఇంకేదో సంకేతం ఇవ్వాల్సి వస్తుంది.

రెండోదానికి, మీరన్నట్టే. పుట్టే కణంలోనూ అదే లోపం ఉంటుంది. లోపమున్న చేపల్లో కూడా కొత్త కణాలు పుడుతూ చస్తూ ఉంటాయి. కాబట్టి కొత్త కణాలు పుట్టించడం, జన్యువుని సరిచేయడం, రెండూ కలిస్తేనే మీకు పూర్తి ఫలితం. జన్యువు వైపు ఒక్క మెట్టు నిజంగానే ఎక్కారు. ఆర్‌పీఈ65 అనే జన్యువు లోపానికి అమెరికాలో 2017 డిసెంబర్‌లో జన్యు వైద్యం ఆమోదించారు. అది ఇంకా బతికున్న కణాలకే పనికొస్తుంది, పోయినవాటికి కాదు.

రేచుక్క
అర్థమైంది. ఇంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. నాగావళి గారూ, తమ్ముడికి జన్యు పరీక్ష చేయించండి. ఏ జన్యువో తెలిస్తే రేపు ఏ వైద్యం వచ్చినా మీకు పనికొస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది. మా ఇంట్లో మేనరికం, అమ్మానాన్నలు ఇద్దరి దగ్గర్నుంచీ అదే లోపం వచ్చింది. పరీక్ష అయ్యాక చెల్లి పెళ్ళప్పుడు ఆ కాగితం చాలా ఉపయోగపడింది. మిగిలిన చూపుతో చదువుకోవడం, కర్రతో నడవడం లో విజన్ సెంటర్లలో నేర్పుతారు. నేను బ్యాంకులో పనిచేస్తున్నాను, స్క్రీన్ రీడర్‌తో.

మినపట్టు
@రేచుక్క అన్నా, మీ పోస్టు మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను.

కోనసీమ కుర్రోడు
విటమిన్ ఎ మాత్రలు ఏమైనా పనికొస్తాయా? మా పక్కింటావిడ రోజూ వేస్తోంది వాళ్ళబ్బాయికి.

కంటిరెప్ప
@కోనసీమ కుర్రోడు విటమిన్ ఎ తక్కువై వచ్చిన రేచీకటి అయితే దానంత మంచి మందు లేదు, మునగాకూ అందుకే పెట్టేవాళ్ళు. రెటినైటిస్ పిగ్మెంటోసా వేరు, తిండి లోపం కాదు. డాక్టర్ చెప్పకుండా పెద్ద డోసులు వద్దని చెప్పండి. కాలేయానికి చెరుపు, స్టార్‌గార్ట్ లాంటి కొన్ని జబ్బుల్లో కంటికే చెరుపు.

నాగావళి పిల్ల
అందరి పోస్టులూ నాన్నకి చదివి వినిపించాను. సీటీఆర్‌ఐ నంబరు అడిగితే వాళ్ళు మాట దాటేసి, ఈ వారంలో కడితే తగ్గిస్తామన్నారు. నాన్న ఫోన్ పెట్టేశారు. తమ్ముడు మాత్రం ఒకటే అడుగుతున్నాడు, చేపకి కణాలు పుట్టాయి సరే, దానికి నిజంగా కనిపిస్తోందని మీకెలా తెలుసు అని. బీఎస్సీ చదివాడు లెండి.

సూక్ష్మదర్శిని
తమ్ముణ్ణి మా ల్యాబుకి పంపేయ్ అమ్మా!

చూడటానికి పరీక్షలున్నాయి. నలుపు తెలుపు గీతలున్న డ్రమ్ము మధ్యలో చేపని కదలకుండా ఉంచి, డ్రమ్ము తిప్పుతాం. కనిపిస్తే కళ్ళు గీతల వెంట జరిగి, టక్కున వెనక్కి వచ్చి, మళ్ళీ జరుగుతాయి. కనిపించకపోతే కదలవు. ఇంకోటి నాకు చాలా ఇష్టం. చేప రెండు కళ్ళకీ పైనుంచి సమంగా వెలుతురు పడేట్టు నిటారుగా ఈదుతుంది. ఒక కన్ను పోతే ఒంటిని ఒకపక్కకి ఒరిగించి ఈదుతుంది. ఆ కన్ను తేరుకుంటున్న కొద్దీ ఒరుగు తగ్గుతూ వస్తుంది. అద్దాల తొట్టె ముందు నిలబడి చూస్తే చాలు, ఏ మిషనూ అక్కర్లేదు.

ఎండమావి
అయితే తిరిగొచ్చిన చూపు ముందున్నంత బావుంటుందా? ఆ ముక్క ఎవరూ చెప్పరు.

సూక్ష్మదర్శిని
@ఎండమావి చెప్తాను. జీబ్రాఫిష్‌కి నాలుగు రకాల కోన్ కణాలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, అల్ట్రావయొలెట్. దెబ్బ తినని కంట్లో అవి వరసలు తప్పకుండా అమరి ఉంటాయి. ఎరుపు ఆకుపచ్చ జంటల వరస ఒకటి, పక్కన నీలం, అల్ట్రావయొలెట్ ఒకటి విడిచి ఒకటి. బాగుపడ్డ చోట నాలుగు రకాలూ వస్తాయి కానీ ఆ వరస మళ్ళీ అంత శుభ్రంగా కుదరదు. అక్కడక్కడా గజిబిజిగా ఉంటుంది. డ్రమ్ము పరీక్ష మాత్రం పాసవుతుంది. రంగుల తేడాలు ముందులాగే పట్టగలదా అన్నది దానికన్నా కష్టమైన పరీక్ష.